నొప్పి గీసిన దారి

తుంటిలో మొదలై కాలిలోకి దిగే నొప్పికి ఒక దారి ఉంటుంది. పంటి నొప్పి పన్ను దగ్గరే ఉంటుంది, దెబ్బ నొప్పి దెబ్బ చుట్టూనే తిరుగుతుంది. ఇది అలా కాదు. నడుము కింద ఒకచోట పట్టుకుని, పిరుదు మీదుగా తొడ వెనక్కి వచ్చి, మోకాలి మడతలో కాసేపు బిగుసుకుని, పిక్కలోంచి చీలమండ వెలుపలికి, అక్కణ్ణుంచి చిటికెన వేలిదాకా జివ్వున పాకుతుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే రోగి ఒకచోట వేలు పెట్టి చూపించడు, వేలిని పైనుంచి కిందిదాకా గీస్తాడు. అల్లోపతి వైద్యులు సయాటికా అనేదీ, ఆయుర్వేదం గృధ్రసి అనేదీ ఈ నొప్పినే. చైనా సూదివైద్యం గురించి రాసేవాళ్లు మామూలుగా చీ అనే ప్రాణశక్తితోనో, యిన్ యాంగ్‌లతోనో, అయిదువేల ఏళ్ల ప్రాచీనతతోనో కథ ఎత్తుకుంటారు. ఆ చరిత్రను ఈ కాలి నొప్పితో ఎత్తుకోవాలని నేనంటాను. ఆక్యుపంక్చర్ పటాల్లో కాలి వెనుకా పక్కా కనిపించే గీతలను మొదట గీసింది సిద్ధాంతం కాదు, రోగి వేలు. సిద్ధాంతం ఆ గీత మీద తర్వాత కట్టిన ఇల్లు. ఆ ఇంటిని చాలాసార్లు కూల్చి కట్టారు, పనిముట్లు మార్చారు, ఒక దశలో రాజాస్థానం దాన్ని గడప దాటనివ్వలేదు కూడా. కింద గీత మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది.

ఇందుకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం పట్టుబట్ట మీద రాసి ఉంది. హునాన్ రాష్ట్రంలోని చాంగ్షా ఊరి పక్కన మావాంగ్‌దుయ్ అనే దిబ్బ కింద హాన్ కాలపు సమాధులు బయటపడ్డాయి. వాటిలో మూడోది క్రీస్తుపూర్వం 168లో మూసినది. 1973లో దాన్ని తవ్వినప్పుడు లక్క పెట్టెలో మడతలు పెట్టిన పట్టు రాతప్రతులు దొరికాయి. కొన్ని వైద్యానికి సంబంధించినవి. అందులో ఒకటి శరీరంలో పదకొండు 'మాయ్'లను వర్ణిస్తుంది. మాయ్ అన్న మాటకు నాడి అనీ, రక్తనాళం అనీ, వాహిక అనీ ఏది చెప్పుకున్నా కొంతే సరిపోతుంది. ఇక్కడ వాహిక అందాం. ఆ గ్రంథం ఎత్తుకోవడమే కాలి తాయ్‌యాంగ్ వాహికతో ఎత్తుకుంటుంది. అది చీలమండ వెలుపలి గుంటలో బయల్దేరి, పిక్క మీదుగా మోకాలి వెనక్కి, అక్కణ్ణుంచి పిరుదుకు, వెన్ను పక్కగా మెడకూ తలకూ ఎక్కుతుంది. ఆ వెంటనే, ఈ వాహిక చెడితే వచ్చే బాధల పట్టీ ఉంటుంది. కాలి చిటికెన వేలు పనిచేయకపోవడం, పిక్క నొప్పి, మోకాలి వెనుక పట్టేయడం, పిరుదు నొప్పి, నడుము నొప్పి, వెన్ను పక్కల నొప్పి. ఈ పట్టీని ఇవాళ నరాల వైద్యుడి ముందు పెడితే, వెన్ను అడుగున త్రికాస్థి దగ్గర పుట్టే మొదటి నరం నొక్కుకుపోయిన రోగి చెప్పుకునే బాధలేనని పోల్చుకుంటాడు. చిటికెన వేలి ప్రస్తావన నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంటుంది. నడుములో పుట్టిన జబ్బు కాలి చివరి వేలిని మొద్దుబార్చడం ఊహకు తట్టే విషయం కాదు. కుంటుతూ వచ్చిన మనుషులు చెబుతుంటే విని, చూసి రాసుకున్నవాళ్లకే తెలుస్తుంది.

అదే రాతప్రతిలో రెండో దారి కూడా ఉంది. షావోయాంగ్ అనే వాహిక చీలమండ ముందు నుంచి కాలి పక్కగా, మోకాలి వెలుపలిగా, తొడ వెలుపలిగా తుంటికి ఎక్కుతుంది. దాని బాధల పట్టీలో చిటికెన వేలి పక్క వేలు చచ్చుబడటం, ముంగాలి వెలుపలి నొప్పి, మోకాలి పక్క నొప్పి, తొడ పక్క నొప్పి వరసగా వస్తాయి. వెనుక దిగే నొప్పినీ పక్కన దిగే నొప్పినీ రెండుగా విడదీసి, ఒక్కోదానికీ ఒక్కో వేలిని గుర్తు పెట్టారన్నమాట. ఈ రెంటినీ ఇవాళ్టి వైద్యం వేర్వేరు నరాల మూలాలకు ముడిపెడుతుంది. మావాంగ్‌దుయ్ రాతగాళ్లకు నరం సంగతి తెలిసే అవకాశమే లేదు. నరాన్ని వాళ్లు చూడలేదు, నరం చేసే పనిని చూశారు.

అసలు ఆశ్చర్యం, ఈ గ్రంథంలో సూది లేదు. వాహికల బాధలన్నిటికీ ఒకటే చికిత్స, నిప్పు. ఎండబెట్టి నలిపిన ఒక ఆకును చిన్న ముద్దగా చేసి, వాహిక మీద పెట్టి, అంటించడం. ఆ ఆకు వినాయకచవితి పత్రిలో మనం కోసుకొచ్చే మాచిపత్రికి దగ్గరి చుట్టం. చేతిలో నలిపితే అదే ఘాటు. మన ఊళ్లలో పాత రోజుల్లో తుంటినొప్పికి వాతలు పెట్టినట్టే అక్కడా కాల్చారు, కాకపోతే ఇనుముకు బదులు ఆకుతో. మరో రెండు సంగతులు కూడా గమనించాలి. ఒకటి, తర్వాతి పుస్తకాలు 'మూత్రాశయ వాహిక' అని పిలిచే ఈ తాయ్‌యాంగ్ దారికి మావాంగ్‌దుయ్‌లో మూత్రాశయంతో సంబంధమే లేదు. రెండు, ఆ గ్రంథంలో వాహికలన్నీ కాళ్లూ చేతుల చివరి భాగాల నుంచి లోపలికీ పైకీ పోతాయి. తర్వాతి కాలపు లింగ్‌షు అనే గ్రంథంలో అదే తాయ్‌యాంగ్ కంటి కొనలో పుట్టి వీపు మీదుగా కాలి చిటికెన వేలికి దిగుతుంది. పదకొండు వాహికలు పన్నెండయ్యాయి, ఒకదాని కొస ఇంకొకదానికి అతికి గుండ్రంగా తిరిగే ప్రవాహమయ్యాయి, ఒక్కోదానికి ఒక్కో అవయవం అంటగట్టారు. ప్రవాహం దిశ తలకిందులైంది, పేరు మారింది, సంఖ్య మారింది. కాలి వెనుక పిరుదు, మోకాలి మడత, పిక్క, చీలమండ వెలుపలి గుంట, చిటికెన వేలు అన్న వరుస మాత్రం చెక్కుచెదరలేదు. సిద్ధాంతమే ముందు పుట్టి గీతను గీసి ఉంటే, సిద్ధాంతం ఇంతగా మారినప్పుడు గీత కూడా కదలాలి కదా?

సూది హ్వాంగ్‌ది నెయ్‌జింగ్‌లో నిండుగా కనిపిస్తుంది. ఒకే చేతి రాత కాని ఈ సంకలనం హాన్ కాలంలో రూపు దిద్దుకుంది. సువెన్, లింగ్‌షు దాని రెండు భాగాలు. సువెన్‌లో 41వ అధ్యాయం మొత్తం నడుము నొప్పికి సూది వేయడం గురించే. ఇంత పెద్ద గ్రంథంలో ఒక్క నొప్పికి ఒక అధ్యాయం కేటాయించడమే ఎందరు ఆ నొప్పితో వచ్చేవారో చెబుతుంది. ఆ అధ్యాయం నొప్పినంతా ఒకటే గంపలో వేయదు. మెడకూ వెన్నుకూ పిరుదుకూ లాగుతూ బరువు మోస్తున్నట్టుండే నడుము నొప్పి ఒకటి, మరోలా ఉండేది మరొకటి, ఒక్కోదానికి పొడవాల్సిన చోటు ఒకటి. మొదటి రకానికి చెప్పిన చోటు మోకాలి మడత, అక్కణ్ణుంచి నెత్తురు తీయమంటుంది. ఇంకో రకానికి కూడా అదే మడతలో వెతకమని, అక్కడ కొర్రగింజంత బుడిపెలుగా ముడిపడ్డ సన్నని నాళాలు కనిపిస్తాయని, వాటిని పొడిస్తే నల్లని నెత్తురు చిమ్ముతుందని, ఎర్రగా మారగానే ఆపేయాలని వివరిస్తుంది. ఈ మాటలు రాసినవాడు మోకాలి వెనుక చర్మాన్ని వెలుతురులో పెట్టి దగ్గరగా చూసినవాడు. ఇదే పుస్తకం మరో అధ్యాయంలో, మోకాలి మడతలోని పెద్ద నాళం పొరపాటున తెగితే మనిషి పాలిపోయి కుప్పకూలతాడని హెచ్చరిస్తుంది. అలా కూలిన మనుషులను చూశాకే ఆ హెచ్చరిక పుట్టి ఉంటుందని నా నమ్మకం.

ఈ సూదులు ఇవాళ మనం ఊహించుకునేవి కావు. లింగ్‌షు తొమ్మిది రకాలు చెబుతుంది. బాణపు మొనలాంటిది, గుండ్రటిది, చీము తీసే కత్తిలాంటిది, నెత్తురు తీసే మూడంచులది, వెంట్రుకలాంటి సన్ననిది, ఇంకా కొన్ని. లోతుగా దిగిన నొప్పికి వాడే పొడవు సూది ఏడు చున్‌ల నిడివి ఉండాలి. హాన్ కాలపు చున్ 2.3 సెంటీమీటర్లు, అంటే సూది 16 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త తక్కువ. 1968లో మాన్‌చెంగ్‌లో ల్యూ షెంగ్ అనే రాకుమారుడి సమాధిలో నాలుగు బంగారు సూదులు, అయిదు వెండి సూదులు దొరికాయి. ఆయన చనిపోయింది క్రీస్తుపూర్వం 113లో. మావాంగ్‌దుయ్ సమాధి మూసిన 55 ఏళ్లకు పుస్తకంలో లేని సూది ఒక రాకుమారుడి పక్కన పాతిపెట్టే వస్తువైంది. లింగ్‌షులోనే కండరాలూ స్నాయువుల దారుల గురించి చెప్పే అధ్యాయం నా వాదనను తానే ఒప్పుకుంటుంది. కాల్చిన సూదితో పొడవాలి, ఎక్కడ అంటే ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ, అదే బిందువు. పటం చూడనక్కర్లేదు.

నడుము నొప్పి అనగానే సూదే గుర్తొచ్చేదని కూడా అనుకోకూడదు. చరిత్రకారుడు సిమా చియాన్ తన షీజీలో చున్‌యూ యీ అనే వైద్యుడు చక్రవర్తికి సమర్పించిన పాతిక రోగుల నివేదికను భద్రపరిచాడు. అందులో సోంగ్ జియాన్ అనే ఆయన ఉన్నాడు. వాన పడుతున్న రోజు, ఇంటి ధాన్యపు కొట్టు కింద పడి ఉన్న నలుపలకల రాయితో చుట్టాలు బలం చూపించుకుంటుంటే, తానూ ఎత్తబోయాడు. లేవలేదు, దించేశాడు. సాయంత్రానికి నడుమూ వెన్నూ పట్టేసి వంగలేకపోయాడు, మూత్రం రాలేదు. ఇవాళ వీపు నొప్పితో పాటు మూత్రం ఆగిపోయిందంటే డాక్టర్లు అరగంట కూడా ఆలస్యం చేయరు, వెన్ను కింది నరాల కట్ట నలిగిందేమోనని వెంటనే స్కానింగ్‌కు పంపుతారు. చున్‌యూ యీ ఆయన ముఖం రంగు చూసి రోగం చెప్పాడు, కషాయం తాగించాడు, సుమారు 18 రోజుల్లో నయమైంది. సూది మాట రాలేదు. పాతిక కేసుల్లో కొన్నిటికి ఈ వైద్యుడు సూదులూ నిప్పూ వాడాడు కాబట్టి, ఆ విద్య రాక వదిలేశాడని అనలేం. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో నడుము నొప్పికి కషాయం, నిప్పు, రాతి కత్తి, సూది అన్నీ పోటీలో ఉన్నాయి. సూది గెలిచి తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. తాయ్‌యాంగ్ వాహిక కాలి దగ్గరే ఆగదు కదా, తలకూ కంటికీ పోతుంది, దాని బాధల్లో మొలలూ తలనొప్పీ కూడా ఉన్నాయి, సయాటికాకు పొంతన కుదిరిన ముక్కను ఏరుకుని మిగతాది వదిలేస్తున్నావు అని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. నడుము పైన గీతలు ఎలా పుట్టాయో ఈ ఒక్క ఊహతో చెప్పలేను. కాలి లోపలి వైపు దారుల్లో జననాంగాల బాధలూ కడుపు బాధలూ కలిసి ఉంటాయి, అక్కడ సిద్ధాంతం చేయి ఎక్కువ ఉందనే అనుకుంటాను. నేననేది కాలి వెనుకా వెలుపలా ఉన్న దారుల గురించే, తుంటి నుంచి వేలిదాకా. అక్కడ వర్ణన ఎంత ఖచ్చితమో పైకి పోతున్నకొద్దీ అంత పలచబడుతుంది. ఆ తేడాయే నాకు ఆధారం. మెదడులో పుట్టిన ఊహ అయితే ఒంటినిండా ఒకే తీరుగా ఉండేది. కళ్లారా చూసినదే ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా ఉంటుంది.

ఇంకో సాక్ష్యం మన ఇంట్లోనే ఉంది. గృధ్రసికి చరకుడు చెప్పిన వాటిలో చీలమండ, మడమ స్నాయువుల మధ్య సిరను పొడిచి నెత్తురు తీయడం, వస్తి (ఎనిమా), అగ్నికర్మ (కాల్చి వాత పెట్టడం) ఉన్నాయి. సుశ్రుతుడు గృధ్రసికి మోకాలి కీలుకు నాలుగంగుళాల పైనో కిందో సిరావేధ చేయమన్నాడు. చైనా వైద్యులు మోకాలి మడతలోనే పొడిచారు, చీలమండ వెలుపలి గుంటను బిందువుగా పెట్టుకున్నారు, ఆకుతో కాల్చారు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని నేను అనను, అనాల్సిన పనీ లేదు. వాతపిత్తకఫాలు ఇక్కడివి, యిన్ యాంగ్‌లు అక్కడివి, రెండు సిద్ధాంతాలకూ పోలిక లేదు. అయినా చేయి పోయిన చోటు దాదాపు ఒకటే. రెండు చేతుల్నీ ఒకేచోటికి లాగింది నొప్పేనని నాకు తోస్తుంది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన అయిదువేల ఏళ్ల నాటి మనిషి ఒంటి మీద 61 పచ్చబొట్లు ఉన్నాయి, నడుము మీదా మోకాళ్ల దగ్గరా చీలమండల దగ్గరా చాలా కనిపిస్తాయి, ఆ కీళ్లు అరిగి ఉన్నాయి. దాన్ని చూపించి ఆక్యుపంక్చర్ ఐరోపాలో పుట్టిందని కొందరు ఉత్సాహపడ్డారు. నొప్పి ఉన్నచోట గుర్తు పెట్టుకోవడం మనుషులందరి అలవాటు, ఆ పచ్చబొట్ల నుంచి అంతకు మించి రాబట్టలేం.

తర్వాతి శతాబ్దాలు ఈ అనుభవాన్ని పట్టికల్లోకి ఎక్కించాయి. మూడో శతాబ్దంలో హువాంగ్‌ఫూ మీ బిందువులన్నీ పోగేసి ఒక క్రమంలో పెట్టాడు. ఆయనను ఈ విద్యలోకి దించింది తన ఒంట్లోని జబ్బే, వాతం పట్టి అవయవాలు సగం మొద్దుబారాయి. ఏడో శతాబ్దంలో సున్ సిమియావో పటాలకు లొంగని ఒక బిందువును గ్రంథానికెక్కించాడు. రోగి ఒళ్లు వేళ్లతో నొక్కుతూ పోవాలి, ఒకచోట 'ఆ, అక్కడే' అంటాడు, ఆ చోటే బిందువు, పేరు కూడా అదే, ఆషీ. పటంలో ఉండనక్కర్లేదు. వందల బిందువులకు కొలతలు తయారయ్యాక కూడా రోగి నోట వచ్చే ఆ కేకకు శాస్త్రంలో చోటు దక్కడం చిన్న సంగతి కాదు. 1027లో సోంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద వాంగ్ వెయ్‌యీ రెండు నిలువెత్తు కంచు మనుషుల్ని పోత పోయించాడు, వాటి ఒంటి మీద బిందువులన్నిటికీ రంధ్రాలు. పరీక్ష రోజున మైనం పూసి, లోపల నీళ్లు నింపేవారని చెబుతారు. విద్యార్థి సూది సరైన చోట దిగితే నీటి చుక్క బయటికొస్తుంది. కంచు మనిషి 'ఆ, అక్కడే' అనలేడు. పరీక్షలకు అది వీలుగా ఉండేది, కానీ విద్య రోగి నోటి నుంచి లోహపు కొలతల వైపు జరగడం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

తుంటి నొప్పికి పేరుపడ్డ బిందువు హువాన్‌త్యావో. పేరులో వలయమూ ఉంది, దూకడమూ ఉంది. రోగి నొప్పి లేని పక్క మీద ఒరిగి పడుకుంటాడు, కింది కాలు చాపి, పై కాలు మోకాలి దగ్గర మడిచి ఉంచుతాడు. వైద్యుడు ముందు తొడ ఎముక పైభాగాన పక్కకు పొడుచుకొచ్చిన గడ్డను తడుముతాడు, తర్వాత వెన్ను అడుగున త్రికాస్థి చివరన ఉండే చిన్న గుంటను. ఆ రెంటి మధ్య గీత అనుకుని దాన్ని మూడు భాగాలు చేస్తే, తొడ గడ్డ వైపు మొదటి భాగం ముగిసే చోటే హువాన్‌త్యావో. కండ అక్కడ మందం, అందుకే రెండు మూడు అంగుళాల సూది కావాలి. చర్మం దాటగానే నొప్పేమీ ఉండదు, కండలో దిగుతుంటే బరువుగా, ఉబ్బినట్టుగా ఉంటుంది. ఇంకాస్త దిగితే పిరుదు నుంచి పాదందాకా కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది, కాలు దానంతటదే ఒక్కసారి ఎగురుతుంది. ఆ ఎగురుడు తగలగానే వైద్యుడు చేయి ఆపుతాడు. సయాటిక్ నరం కటి నుంచి బయటపడి తొడ వైపు తిరిగేది ఆ కండల కిందే. శవాన్ని కోసి నరాన్ని చూడకుండా, బతికున్న మనిషి కాలు ఎగరడం చూసే ఆ చోటుకు చేరారు. నరానికి సంబంధించిన సయాటికా వేరు, తుంటి కీలు నొప్పి వేరు అని ఐరోపాలో విడదీసి చెప్పిన దొమెనికో కోతున్యో పుస్తకం వచ్చింది 1764లో.

ఇంతటి విద్య అఖండ దీపంలా ఆరకుండా వెలిగిందని చెప్పే కథను చైనా వైద్యులే ఒప్పుకోరు. 1757లో షూ దాచున్ సూదివైద్యం అంతరించిపోతోందని ఒక వ్యాసమే రాశాడు. సమకాలికులకు వాహికలు తెలియవని, నెత్తురు తీసే పద్ధతి పోయిందని, పాతవాళ్లు చేసినదానిలో కొంచెమే మిగిలిందని బాధపడ్డాడు. పెద్ద కుటుంబాల వైద్యులు నాడి చూసి మందు చీటీ రాసే పద్ధతికి మళ్లారు. రోగి ఒంటిని ముట్టుకోవడం, గుడ్డ తొలగించడం, నెత్తురు చూడటం వీధి వైద్యుల పనైంది. 1822లో చింగ్ చక్రవర్తి దావోగ్వాంగ్ రాజవైద్య సంస్థలో సూది, నిప్పు శాఖను మూసేశాడు, ప్రభువు దేహాన్ని పొడవడం, కాల్చడం తగదన్న కారణంతో. 1929లో జాతీయ ప్రభుత్వ ఆరోగ్య సంఘం ముందుకు పాత వైద్యాన్నంతా రద్దు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. వైద్యులు ఏకమై ఎదిరించబట్టే ఆగింది.

ఇవాళ ప్రపంచమంతా చూస్తున్న సన్నని సూదివైద్యం ఈ పతనం తర్వాత కట్టినది. జియాంగ్సు రాష్ట్రపు చెంగ్ దాన్‌ఆన్ ఇందులో ముఖ్యుడు. ఆయనకు సూది మీద గురి కుదిరింది కూడా నడుము నొప్పితోనే, వేరే చికిత్సలతో పోనిది తండ్రి వేసిన సూదులతో తగ్గింది. 1931లో ఆయన చైనా ఆక్యుపంక్చర్ చికిత్స మీద పుస్తకం వేశాడు, 1930ల నడుమ జపాన్ వెళ్లి అక్కడి పాఠశాలలు చూసొచ్చాడు. బిందువులను శరీరనిర్మాణ శాస్త్రంతో సరిచూసి, పెద్ద నాళాల మీద పడే వాటిని జరిపాడు, మొద్దు సూదుల స్థానంలో సన్నవాటిని నిలబెట్టాడు. మోకాలి మడతలో నల్ల నెత్తురు చిమ్మించే చికిత్స వెనక్కి తగ్గి, మిల్లీమీటరులో పావువంతు మందపు ఉక్కు వెంట్రుక ముందుకొచ్చింది. దీన్ని కల్తీ అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. నిప్పు నుంచి రాయికి, రాయి నుంచి మూడంచుల సూదికి మారిన విద్య, సన్న సూదికి మారితే మాత్రం ఎందుకు ద్రోహమవుతుంది? తప్పు ఎక్కడుందంటే, నిన్న మొన్న దిద్దిన రూపాన్ని వేల ఏళ్లుగా ఇలాగే ఉందని అమ్మడంలో.

ఐరోపాకు ఈ విద్య చేరింది కూడా కీళ్ల నొప్పి చేయి పట్టుకునే. డచ్చి ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలెం టెన్ రైనె నాగసాకి దగ్గరి దెషిమా దీవిలో రెండేళ్లుండి, 1683లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. ఆక్యుపంక్చర్ అనే మాట లాటిన్‌లో పుట్టింది అక్కడే. ఆ పుస్తకం పేరులో మొదట ఉండేది కీళ్లవాతం, సూది తర్వాత. 1892లో విలియం ఆస్లర్ రాసిన వైద్య పాఠ్యగ్రంథం నడుము పట్టేసినప్పుడు ఆక్యుపంక్చర్‌ను గట్టిగా సిఫారసు చేసింది, టోపీలకు గుచ్చే పొడవు సూదులు శుభ్రం చేసి నొప్పి ఉన్నచోట కండలోకి దించి అయిదు పది నిమిషాలు ఉంచమంది. వాహికా లేదు, చీ లేదు, యిన్ యాంగ్ అసలే లేవు. సున్ సిమియావో పేరు వినని మనిషి ఆషీ దగ్గరికే వచ్చి ఆగాడు. అది ప్రతిసారీ పనిచేసిందని మాత్రం అనుకోవద్దు. ఆస్లర్ చేతిలో పొడిపించుకున్న ఒక ధనిక వ్యాపారి ప్రతి పోటుకూ తిట్లు లంకించుకుని, నొప్పి తగ్గకుండానే లేచి వెళ్లాడని ఆయన జీవితచరిత్రలో ఉంది.

ఇక్కడే పెద్ద అభ్యంతరం వస్తుంది. దారి నిజమే కావచ్చు, దారి మీద సూది గుచ్చితే రోగం తగ్గుతుందనడానికి అది రుజువు కాదు. నిజమే, కాదు. పైగా 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు వెన్నుపూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కడమే చాలా సయాటికాలకు కారణమని చూపించాక, ఇంకో సత్యం తేలింది. డిస్క్ నొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ గడువులో తాగిన కషాయానికీ, పెట్టిన వాతకూ, వేసిన సూదికీ సమానంగా పేరొస్తుంది. సోంగ్ జియాన్ 18 రోజులను కూడా ఈ కళ్లతోనే చూడాలి. అందుకే పాత గ్రంథాల్లోని కోలుకున్న రోగుల కథలను నేను చికిత్సకు సాక్ష్యంగా తీసుకోవడం లేదు, నొప్పి తీరుకు సాక్ష్యంగా మాత్రమే తీసుకుంటున్నాను. చికిత్స సంగతి పరీక్షలు తేల్చాలి. జర్మనీలో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 1,162 మంది మీద చేసి 2007లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత పద్ధతి ప్రకారం సూదులు వేసినవారిలో 47.6 శాతానికి, బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతానికి, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతానికి మెరుగు కనిపించింది. సూది మామూలు చికిత్సను దాటింది, కానీ ఎక్కడ వేసినా దాదాపు ఒకటే. ఇంగ్లండ్ జాతీయ ఆరోగ్య మార్గదర్శకాలు 2009లో నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొచ్చన్నాయి, 2016లో సయాటికా ఉన్నా లేకున్నా వద్దన్నాయి. మరోవైపు, డిస్క్ వల్ల కాలిలోకి దిగి మొండికేసిన సయాటికాకు చైనాలోని ఆరు ఆసుపత్రుల్లో 216 మందితో జరిగి 2024లో వెలువడిన పరీక్షలో, నాలుగు వారాల్లో పది సార్లు నిజమైన సూదులు వేయించుకున్నవారి కాలి నొప్పి నూరు మిల్లీమీటర్ల కొలబద్ద మీద సుమారు 31 తగ్గితే, ఉత్తుత్తి సూదుల వారిలో సుమారు 15 తగ్గింది. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు, వేరే దేశాల్లో మళ్లీ చేయాలి. అయినా, నడుము దగ్గరే ఉండిపోయే నొప్పిలో చిక్కని తేడా దారి పట్టి దిగే నొప్పిలో చిక్కడం ఆలోచించదగ్గ విషయం. రెంటినీ ఒకే పేరు కింద కలిపేసి వాదించుకోవడం ఇకనైనా మానాలి. సువెన్ 41వ అధ్యాయం రాసినవాళ్లే అలా కలపలేదు.

ఈ విద్య మన దేశానికి చేరిన తోవ కూడా చెప్పుకోవాలి. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్లలో కోట్నీస్ పేరు మనందరికీ తెలుసు. ఆయన 1942లో అక్కడే కన్నుమూశాడు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూదులు వేయడం నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టాడు. ఆయన నేర్చుకొచ్చింది చెంగ్ దాన్‌ఆన్ తరం దిద్దిన సన్న సూదుల విద్య. మన ఊళ్లలో కనిపించే ఆక్యుపంక్చర్ బోర్డుల వెనుక ఉన్నదీ ఆ సన్న సూదే, నల్ల నెత్తురు చిమ్మించిన మూడంచుల సూది కాదు.

చైనా ఆసుపత్రుల ఆక్యుపంక్చర్ విభాగాల్లో ఎం.ఆర్.ఐ. ఫిల్మ్ దీపపు పలక మీద వేలాడుతూ ఉంటుంది, డిస్క్ ఏ పూసల మధ్య జారిందో అందులో కనిపిస్తుంది. సయాటికా రోగిని పాఠ్యపుస్తకం మాత్రం ఇప్పటికీ రెండుగానే విడదీస్తుంది, తాయ్‌యాంగ్ తరహా, షావోయాంగ్ తరహా. ఏ తరహానో తేల్చుకోవడానికి వైద్యుడు ఫిల్మ్ పక్కన పెట్టి, నొప్పి ఎటు పోతుందో చూపించమంటాడు. రోగి వేలు తొడ వెనుక నుంచి జారితే మోకాలి మడతలోని వెయ్‌జోంగ్, పిక్క కింది చెంగ్‌షాన్, చీలమండ వెనుక కున్‌లున్. తొడ పక్క నుంచి జారితే తుంటిలో హువాన్‌త్యావో, మోకాలి కింద వెలుపలి వైపున యాంగ్‌లింగ్‌చువాన్.